కింది మడిగె కావాలె కాకా

నర్సంపేటలో నెక్కొండ రోడ్డు మీద ఆయనకు రెండు మడిగెలున్నాయి. ఒకటి కింద, ఒకటి మెట్లెక్కి పైన. కింది దాంట్లో చాలాకాలం విత్తనాలు, పురుగుమందుల దుకాణం నడిచి ఈమధ్యే ఖాళీ అయింది. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. దుగ్గొండి, నల్లబెల్లి, ఖానాపురం మండలాల బళ్లన్నీ తిరిగి వచ్చినవాడు. మడిగె అడుగుతున్నది అన్న కూతురు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో స్పీచ్, హియరింగ్ డిగ్రీ చదివి, హన్మకొండలో ఒక పిల్లల థెరపీ క్లినిక్‌లో కొన్నేళ్లుగా స్పీచ్ థెరపిస్టుగా చేస్తోంది. ఇప్పుడు స్నేహితురాలితో కలిసి నర్సంపేటలో సొంతంగా ఒకటి తెరవాలని పట్టుబట్టింది. ఆ స్నేహితురాలు స్పెషల్ ఎడ్యుకేటర్. పేర్లతో మనకు పనిలేదు. ఆమె ఆయన్ని కాకా అంటుంది, ఆయన బిడ్డా అంటాడు. ఒకరోజు పొద్దున చాయ్‌తో మొదలైన కిరాయి ముచ్చట మధ్యాహ్నం దాటినా కిరాయి దగ్గరికి రాలేదు.

"ముందుగాల ఒక్కటి చెప్పు బిడ్డా. ఆ గదిల మీరు ఏం జేస్తరు? మొన్న మీ క్లినిక్కు వచ్చినప్పుడు అద్దంల నుంచి చూసిన. నువ్వు కింద కూసోని సబ్బు బుడగలు ఊదుతున్నవ్. ఆ పిలగాని తల్లి కౌంటర్ దగ్గర ఐదు వందలు కడుతున్నది. బుడగలు ఊదుడుకు ఐదు వందలా?"

ఆమెకు కోపం రాలేదు. ఈ ప్రశ్న తాతలు, మేనమామలు, ఆటోవాళ్లు అందరూ అడిగేదే.

"బుడగలు ఊదింది చూసినవు. మూత బిగించింది చూడలే. మొదట రెండు మూడు సార్లు ఊదుత. వానికి మజా వస్తది. అప్పుడు మూత గట్టిగ బిగించి సీసా వాని చేతికిస్త. వానికి తెరవరాదు. ఇగ ఏం చేస్తడో చూస్త. ఒకడు నేలకేసి కొడ్తడు. ఇంకొకడు నా చెయ్యి పట్టుకొని మూత మీద పెడ్తడు, నా మొహం దిక్కు మాత్రం చూడడు. వానికి నా చెయ్యి ఒక పనిముట్టు, అంతే. ఏదో ఒకరోజు సీసా నా దిక్కు చాపి, నా కండ్లల్లకు చూస్తడు. అప్పుడే తెరుస్త. తెరుసుకుంట 'ఊదు' అంట. ఇంకొన్ని వారాలకు వాడు 'ఊ' అంటడు. ఆ 'ఊ' కోసమే ఇదంత."

"నువ్వు ఊకె కూసున్నట్టే కనబడ్డవు."

"ఊకె కూసునుడే కష్టం కాకా. మనసుల పది లెక్కపెట్టుకుంట ఆగాలె. మూలకు కూసున్న తల్లి ఆగది. 'ఊదు అను నాన్నా, మేడమ్‌కు చెప్పు, ఊదు అను' అని వాడు ఒక్కసారి అనేలోపల ఆమె పదిసార్లు అంటది. వాడు అడిగే అవసరమే లేకుండా పోతది."

కాక తల ఊపాడు గానీ ఒప్పుకోలేదు. ఆయన అనుమానం వేరే చోట ఉంది. ఆయన చివర పనిచేసిన బడి ఆవరణలోనే భవిత కేంద్రం నడిచేది. సమగ్ర శిక్షా కింద మండల కేంద్రాల్లో ఇలాంటివి నడుస్తాయి. ఐఈఆర్‌పీలు అని పిలిచే రిసోర్స్ టీచర్లు కాంట్రాక్టు మీద పనిచేస్తారు, వారానికోసారి ఫిజియోథెరపిస్టు వచ్చి పోతాడు. మంచం దిగలేని పిల్లల ఇళ్లకు ఆ టీచర్లే వెళ్లి చదువు చెబుతారు. పైసా తీసుకోరు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య హక్కు అని అందులో రాసి ఉంది. ఆ పేజీ ఆయన బడి నోటీసుబోర్డు మీద అంటించినవాడు.

"సర్కారు చెయ్యాల్సిన పని మీరు దుకాణం పెట్టి చేస్తమంటున్నరు. అదే నాకు గొంతు దిగుతలేదు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి ఆర్‌బీఎస్‌కే బండి వస్తది. డాక్టర్లు చూస్తరు, రాస్తరు. వరంగల్ ఎంజీఎం దవాఖానల సెంటరే ఉన్నది. ఇగ మీరెందుకు?"

"బండి వస్తది, నిజమే. రాసి పంపిస్తది. ఆ రాసినంక సంగతి చెప్పు. మాట రాని మూడేండ్ల పిలగానికి వారానికి కనీసం రెండు మూడు సార్లు కూసోవాలె, ఏడాది రెండేండ్లు కూసోవాలె. మీ భవితల వారానికోసారి వచ్చే ఫిజియోథెరపిస్టు కాళ్లు చేతులు చూస్తడు, మాటలు నేర్పడు. ఎంజీఎంకు పోవాలంటే ఇక్కడి నుంచి దాదాపు నలభై కిలోమీటర్లు."

"బస్సు ఫ్రీ అయ్యింది కదా ఆడోళ్లకు!"

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు ఖర్చు లేదు. ఈ వాదన వినగానే సరైనదే అనిపిస్తుంది. కానీ ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. టికెట్టు ఖర్చు లేకపోయినా కూలి పోతుంది. కిక్కిరిసిన బస్సులో చప్పుడుకు చెవులు మూసుకుని కేకలు పెట్టే పిల్లవాణ్ని ఒళ్లో పెట్టుకుని గంటంపావు కూర్చోవాలి. పక్కసీటు ఆమె 'ఒక్కటి పీకరాదు' అంటుంది, వెనక సీటు ఆయన 'గాలి సోకిందా' అంటాడు. దిగేసరికి పిల్లవాడు వాంతి చేసుకుని నిద్రపోతాడు. నిద్రపోతున్న పిల్లవాడికి ఏ థెరపిస్టు ఏం చేయగలదు?

"కొత్తగూడ దిక్కు నుంచి ఒక తల్లి వస్తది కాకా. నర్సంపేటల బస్సు మారి హన్మకొండకు వస్తది. నలభై ఐదు నిమిషాల సెషన్ కోసం పొద్దున పోతే రాత్రికి ఇల్లు చేరుతది. మూడు నెలలు వచ్చింది, మానేసింది. ఎందుకు మానేసిందని నేనడగలే. నేనైతే ఒక్క నెలకే మానేద్దును."

చెవిటి పిల్లల విషయంలో ఆమె మాట ఇంకా గట్టిగా నిలుస్తుంది. పుట్టుచెవుడు ఉన్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో చేస్తారు. లక్షలు ఖర్చయ్యే యంత్రం చెవి వెనక అమరుస్తారు. యంత్రం ఆన్ చేసిన రోజున ఆ బిడ్డకు వినబడేది అర్థంలేని రొదే. కుక్కర్ విజిల్ ఏది, తలుపు చప్పుడేది, అమ్మ గొంతేది అని నెలల తరబడి చెవికి నేర్పాలి. ఆ నేర్పేవాళ్లు హైదరాబాద్‌లో, వరంగల్‌లో ఉండి, బిడ్డ నల్లబెల్లిలో ఉంటే ఆ యంత్రం కొన్నాళ్లకు అల్మారా ఎక్కుతుంది. ఆపరేషన్ ఊరికి దూరంగా ఒక్కసారి జరిగినా నష్టం లేదు. థెరపీ అలా కుదరదు. ఈ ఒక్క కారణం చాలు, నర్సంపేటలో ఒక క్లినిక్ ఉండాలనడానికి.

కాక అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"ముప్పై ఏండ్లు బడిల చేసిన. ఇంతమంది పిల్లలు అప్పుడు ఎక్కడున్నరు? ఇప్పుడే ఎట్ల పుట్టుకొచ్చిన్రు? అంత ఫోన్లతోటి వచ్చింది. బువ్వ తినాలంటే ఫోన్, ఏడుపు ఆపాలంటే ఫోన్. ఫోన్ గుంజుకుంటే సగం మందికి మాటలొస్తయ్."

"నీ బళ్లెనే ఉన్నరు కాకా, చివరి బెంచీల. కొందరు బడికే రాలే, బర్లెంట పోయిన్రు."

"ఓహో! చివరి బెంచోళ్లకు ఇప్పుడు ఇంగ్లీషు పేరు పెట్టిన్రు. ఇంకేం మారింది?"

లెక్కలు ఈ విషయంలో ఆమె వైపే ఉన్నాయి. దేశంలో ఐదు చోట్ల రెండేళ్ల నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్ని ఇంటింటికీ వెళ్లి పరీక్షించిన ఒక పెద్ద అధ్యయనం 2018లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. ఆ ఐదు చోట్లలో హైదరాబాద్ ఒకటి. నాడీ వికాసానికి సంబంధించిన ఇబ్బంది ఏదో ఒకటైనా ఉన్నవాళ్లు ఆరేళ్లలోపు పిల్లల్లో 9.2 శాతం, ఆరు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లలో 13.6 శాతం అని తేలింది. అందులో ఎక్కువ భాగం వినికిడి లోపం, బుద్ధిమాంద్యం. ఆటిజం ఒక్కటే కాదు. ముప్పై మంది పిల్లలున్న తరగతిలో ముగ్గురో నలుగురో అన్నమాట. హెడ్మాస్టరు గారి చివరి బెంచీ ఖాళీగా ఎప్పుడూ లేదు.

ఫోన్ సంగతి ఇంత సులువుగా తెగదు. ఆమె దగ్గరికి వచ్చే పిల్లల్లో రెడ్, బ్లూ, ట్రయాంగిల్ అని గడగడా చెప్పేవాళ్లుంటారు. దాహమైతే నీళ్లడగరు, అమ్మా అని పిలవరు. ఫోన్ తగ్గించమని ఆమె మొదటి రోజే చెబుతుంది, ఎందుకంటే ఫోన్ ఉన్నంతసేపు ఇంట్లో ఎవరూ ఆ బిడ్డతో మాట్లాడరు. అంతమాత్రాన ఫోన్ వల్లే ఆటిజం వచ్చిందనడం ఆమె ఒప్పుకోదు.

"లియో కానర్ అని అమెరికాల ఒక పిల్లల మానసిక డాక్టరు 1943ల పదకొండు మంది పిల్లల గురించి రాసిండు. పిల్లలల్ల ఈ తీరుకు ఆటిజం అన్న పేరు నిలబడ్డది అక్కడి నుంచే. 1943ల ఏ ఫోన్ ఉన్నది కాకా? మన దగ్గరైతే నైజాం సర్కారు ఉన్నది."

"మరి ఏంది కారణం?"

"ఇదీ అని ఒక్కటి చెప్పలేరు. పుట్టుకతోటే మెదడు ఎదిగే తీరుల తేడా. తల్లి తప్పు మాత్రం కాదు. ఒకప్పుడు వాళ్ల దేశంల గూడ తల్లి ప్రేమ చాలకనే పిల్లలు ఇట్లయితరన్నరు. బెర్నార్డ్ రిమ్లాండ్ అని ఒకాయన, ఆయన కొడుకుకే ఆటిజం, 1964ల పుస్తకం రాసి ఆ మాట తప్పని తేల్చిండు. మన దగ్గర ఇంక తేలలే. నా గదిల అత్తగారు కోడలిని చూపిచ్చుకుంట చెప్తది, 'ఈమె కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పట్టించుకోలే మేడమ్' అని. కోడలు కింద చూస్తది. అప్పుడు పిలగానికి థెరపీ పక్కకు పెట్టి ముందు అత్తకు చెయ్యాలె."

వంటింట్లోంచి కాక భార్య, చిన్నమ్మ, అందుకుంది. "వస పొయ్యలేదేమో అడిగినవా? మా ఇంట్ల అందరికీ పోసిన్రు, అందుకే మీ కాక ఇంత మాట్లాడతడు."

ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే ఆమె వస వద్దని చెప్పింది. వస నూనె తిన్న ప్రయోగశాల ఎలుకల్లో కణితులు కనిపించాయని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1968లోనే ఆహార పదార్థాల్లో దాన్ని నిషేధించింది. చిన్నమ్మకు ఈ వార్త నచ్చలేదు. చాయ్ గ్లాసులు కొంచెం చప్పుడు చేస్తూ తీసుకుపోయింది.

కాక గొంతు ఇక్కడ కొంచెం మారింది. అద్దెకిచ్చే మనిషి లెక్క పోయి, ఇంటి పిల్ల గురించి అడిగే మనిషి వచ్చాడు. "సరే, పిల్లల సంగతి ఉండనీ. నీకేం మిగులుతున్నది? మొన్న సద్దుల బతుకమ్మకు వస్తే నీ చెయ్యి చూసింది మీ చిన్నమ్మ. పండ్లగాట్లు."

క్లినిక్‌లో పనంటే బొమ్మలు, రంగుల గోడలు అని బయటివాళ్లకు అనిపిస్తుంది. ఆమె రోజు వింటే ఆ అనిపించడం పోతుంది. పొద్దున పది గంటలకు మొదటి పిల్లవాడు. అప్పటికే చాపలు తుడిచి, నోట్లో పెట్టుకునే బొమ్మలన్నీ కడిగి ఆరబెట్టి ఉండాలి. చేతికి గాజుల్లేవు, చెవులకు వేలాడే కమ్మల్లేవు, జుట్టు ముడి, చున్నీకి పిన్నులు. పట్టి గుంజడానికి ఏదీ దొరకకూడదు. ఒక సెషన్ నలభై ఐదు నిమిషాలు. అందులో చివరి ఐదు తల్లికి చెప్పడానికి. ఆ ఐదు నిమిషాల్లోనే తర్వాతి పిల్లవాడు తలుపు తన్నుతుంటాడు. ఏ పిల్లవాడు ఏం చేశాడో రాసుకోవడానికి వేరే సమయం లేదు. అన్నం తింటూ రాస్తుంది. బడి వదిలాక నాలుగు నుంచి ఎనిమిది దాకా ఊపిరాడదు, ఆదివారం సంతే. రోజంతా నేల మీద కూర్చుని నడుం పోతుంది. గొంతుతో చేసే పని గనక గొంతు పోతుంది. పిల్లలకొచ్చే జలుబు, జ్వరం అన్నీ ముందు ఆమెకే వస్తాయి.

కొరికే పిల్లల గురించి ఆమెకు ఫిర్యాదు లేదు. కొరికాడంటే ఏదో అడిగాడు, అది ఆమెకు అర్థం కాలేదు. ఆమె లెక్క అది. ఒక పిల్లవాడు ఎప్పుడూ సరిగ్గా పదకొండున్నరకు కొరికేవాడు. పక్క గదిలో మిక్సీలా రొద చేసే పాత ఫ్యాను ఆ వేళకే వేసేవారు. ఫ్యాను మార్చారు, కొరకడం ఆగింది. ఇది కనిపెట్టడానికి వారాలు పట్టింది. ఈ వారాలకు జీతం చీటీలో గడి లేదు.

"ఫిర్యాదు ఉన్నది వేరే కాకా. పిలగాడు రాకపోతే ఆ సెషన్ పైసలు నాకు రావు. జ్వరం వస్తే రారు, పెండ్లి ఉంటే రారు, అమాస్యకు రారు. మిరప ఏరుడు మొదలైతే మా రిజిస్టరంత ఖాళీ. పత్తి ఏరేటప్పుడు అంతే. తల్లి పనికి పోకపోతే ఇల్లు గడవదు, పోతే పిలగాడు రాడు. వాళ్లను ఏమనను? రెండు నెలలకు మళ్ల వస్తరు, 'ఊ' అన్న పిలగాడు అది గూడ మర్చిపోయి వస్తడు. మళ్ల బుడగల సీసా కాడికే."

"అందుకే అంటున్న, సర్కారు నౌకరి చూసుకో అని. మీ స్నేహితురాలు స్పెషల్ బీఈడీ చేసింది గద. మొన్న డీఎస్సీల ఎన్ని పోస్టులిచ్చిన్రు!"

2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టుల్లో స్కూల్ అసిస్టెంటు, ఎస్జీటీ కలిపి 1,016 స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ప్రాథమిక స్థాయిలో పది మందికి ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున టీచర్లు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. సర్కారు బడిలో ఈ చదువుకు చోటు పెరుగుతోందన్న కాక మాట నిజమే. ఐఈఆర్‌పీగా ఏళ్లకేళ్లు కాంట్రాక్టు జీతానికి నెట్టుకొచ్చిన వాళ్లకు అది దేవుడిచ్చిన వరం. స్పీచ్ థెరపిస్టుకు మాత్రం ఆ తలుపు లేదు.

కాక అసలు బాణం ఇప్పుడు తీశాడు.

"మా పాత బడి అటెండర్ మనుమడున్నడు. హైదరాబాద్ తీస్కపోయిన్రు. మొదటి రోజే ఇంతపెద్ద కాయితం ఇచ్చిన్రంట. స్పీచు, ఓటీ, బిహేవియరు, స్పెషల్ ఎడ్యుకేషను, అన్నీ కలిపి ఆరు నెలల ప్యాకేజీ, ముందుగాలనే కట్టాలె. రెండెకరాల చెల్క అమ్మిండు. ఏడాదికి పిలగాడు నాలుగు మాటలు మాట్లాడుతున్నడు. నాలుగు మాటలకు రెండెకరాలు! ఇది ఆశను అమ్ముడు కాదా బిడ్డా?"

ఆమె వెంటనే జవాబివ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం. ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన గాయం ఇది. 1987లో ఇవార్ లోవాస్ అనే అమెరికా మనస్తత్వవేత్త వారానికి నలభై గంటల శిక్షణ ఇచ్చిన పందొమ్మిది మంది పిల్లల్లో దాదాపు సగం మంది మామూలు పిల్లల్లా బడికి వెళ్లారని రాశాడు. ఆ లెక్క మీద తర్వాత ఎన్నో ప్రశ్నలు లేచాయి. కానీ ఎన్ని గంటలు కొంటే అంత బాగుపడతాడు అన్న నమ్మకం మాత్రం సముద్రాలు దాటి మన కౌంటర్ల దాకా వచ్చింది. ఉయ్యాలలు, బంతుల కొలనులు, బరువు కోట్లతో చేసే సెన్సరీ ఇంటిగ్రేషన్ గురించి అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లోనే ఒక మాట చెప్పింది: ఇది ఎంతవరకు పనిచేస్తుందన్న దానికి ఆధారాలు పరిమితమని తల్లిదండ్రులకు చెప్పాలి అని. ఆ మాట ఎన్ని క్లినిక్‌ల గోడ మీద కనబడుతుంది? ఆటిజానికి మూలకణాల చికిత్స సిఫారసు చేయదగింది కాదని మన జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం 2022 డిసెంబరులో తేల్చింది. అయినా ఆ ఇంజెక్షన్ల కోసం ప్లాట్లు అమ్ముకున్నవాళ్లు తెలుగు నేల మీద ఉన్నారు.

"అమ్ముడే కాకా," అంది చివరికి. "కొందరు అమ్ముతున్నరు. మా క్లినిక్‌లనే నెలాఖరుకు అడుగుతరు, ఎంతమందిని రెన్యువల్ చేయించినవని. ఆ మాట పడకనే బయటికొస్తున్న. ఇంకోటి చెప్పనా? స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ పని చెయ్యాలంటే ఆర్‌సీఐల, అంటే భారత పునరావాస మండలిల, రిజిస్టర్ కావాలె. 1992 చట్టం అది. లేకుండ చేస్తే శిక్షేందో తెలుసా? ఏడాది దాకా జైలు, లేదంటే వెయ్యి రూపాయల దాకా జుర్మానా. వెయ్యి! రెండు సెషన్ల ఫీజు. అందుకే మూడు నెలల కోర్సు చేసినోళ్లు గూడ థెరపిస్టు అని బోర్డు పెడుతున్నరు."

"మరి నీది వేరే ఎట్లయితది?"

"నా ఆర్‌సీఐ నంబర్ బోర్డు మీద రాస్త. ప్యాకేజీ పెట్ట. ఏ రోజుది ఆ రోజే. మూడు నెలలకు ఏం మారిందో కాయితం మీద రాసిస్త. మారకపోతే మారలేదనే రాస్త."

"మారకపోతే ఎందుకొస్తరు?"

"రాకపోతే రానీ."

కాక నవ్వాడు. "దుకాణం నడిపే మాట కాదిది."

నిజమే, కాదు. అయితే ఈ చిక్కుకు ఇంకో దారి ఉందని చూపిన ప్రయోగం మన ఉపఖండంలోనే జరిగింది. గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో ఆటిజం ఉన్న 65 మంది పిల్లల మీద చేసిన ఆ అధ్యయనం 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చింది. అందులో థెరపీ చేసింది పెద్ద డిగ్రీలున్న నిపుణులు కాదు. శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు ఆర్నెల్లలో పన్నెండు సార్లు కలిసి, పిల్లలకు కాకుండా తల్లిదండ్రులకు నేర్పారు. తల్లి బిడ్డతో ఆడుకుంటున్నప్పుడు వీడియో తీసి, ఆమెకే చూపించి, ఇదిగో ఇక్కడ నీ బిడ్డ నీ వైపు చూశాడు, నువ్వు గమనించలేదు అని చెప్పారు. తల్లులు బిడ్డ దారిలోకి రావడం పెరిగింది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. ఇద్దరూ ఒకే దాని మీద దృష్టి నిలిపే సమయం మాత్రం పెరక్కపోగా తగ్గింది. అన్నీ మెరుగయ్యాయని ఆ పరిశోధకులే చెప్పలేదు.

ఈ అధ్యయనాన్ని ఇద్దరూ చెరోవైపు గుంజుకున్నారు. "చూసినవా, డిగ్రీ అక్కర్లేదు, అంగన్‌వాడీ టీచర్‌కు నేర్పితే చాలు," అని కాక. "ఆ కార్యకర్తకు నేర్పింది ఎవరు, వెనక ఉండి చూసింది ఎవరు?" అని బిడ్డ. పిల్లవాడు రోజులో మేలుకొని ఉండే పన్నెండు పదమూడు గంటల్లో థెరపిస్టు చేతిలో ఉండేది ముప్పావు గంట. మిగతాదంతా తల్లి, నాయనమ్మ, అక్కలదే. కాబట్టి థెరపిస్టు చేసే అసలు పని తల్లికి నేర్పడం. కానీ క్లినిక్‌లో ఫీజు పడేది పిల్లవాడితో కూర్చున్నందుకు. తల్లికి నేర్పే ఆ చివరి ఐదు నిమిషాలకు విడిగా ధర లేదు, తల్లి ఎంత బాగా నేర్చుకుంటే సెషన్లు అంత తగ్గుతాయి. బాగా పనిచేసే థెరపిస్టు తన రిజిస్టర్ తానే ఖాళీ చేసుకుంటుంది. కాక కోపం నిజానికి ఈ లెక్క మీదే. ఆయన దాన్ని దుకాణం అంటున్నాడు, ఆమె జీతం అంటోంది.

పింఛను ముచ్చట మధ్యలో వచ్చి పోయింది. సికింద్రాబాద్‌లోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థలో 2009లో తయారైన నలభై ప్రశ్నల కొలమానంతోనే నేడు దేశమంతా ఆటిజం శాతం లెక్కిస్తారు. డెబ్బై మార్కుల లోపయితే లేదన్నట్టు, 153 దాటితే తీవ్రమన్నట్టు. ఆ లెక్కతో వైకల్య సర్టిఫికెట్ వస్తే తెలంగాణలో 2023 జూలై నుంచి నెలకు ₹4,016 పింఛను. తీసుకోమంటే ఆడపిల్లకు పెళ్లి కావాలని కొందరు దాస్తారు. ఈ విషయంలో కాక, బిడ్డ ఒక్కటే మాట. అందుకే ఎక్కువసేపు సాగలేదు.

అప్పుడు కాక, "సరే, పై మడిగె తీసుకో. గాలి వస్తది, కిరాయి గూడ తక్కువ," అన్నాడు.

"పైది వద్దు. కిందిదే కావాలె కాకా."

"ఏం, మెట్లెక్కనీకి బద్ధకమా?"

"సెరిబ్రల్ పాల్సీ పిల్లలొస్తరు. ఏడేండ్ల పిలగాడు, కాళ్లకు ప్లాస్టిక్ స్ప్లింట్లు, వాణ్ని చంకలెత్తుకొని తల్లి పద్దెనిమిది మెట్లెక్కాలె. దిగేటప్పుడు గూడ అంతే. రెండుసార్లు వచ్చి మూడోసారి రాదు. హన్మకొండల మాది మొదటి అంతస్తే. లిఫ్టు ఉన్నదంటరు, కరెంటు ఉంటేనే కదా."

"కింది దాంట్ల పురుగుమందుల వాసన పోలే."

"సున్నం ఏసి, నెలరోజులు తలుపులు తెరిచిపెడ్త. గడప తీసేపిస్త. వీల్‌చైర్ పోవాలె."

గడప తీయించడం అనగానే వంటింట్లోంచి చిన్నమ్మ మళ్లీ వచ్చింది. లక్ష్మీదేవి ఉండే చోటని ఆమె బాధ. సిమెంటు వాలుగా పోసి గడప మీదుగానే దారి వేస్తే సరిపోతుందని చివరికి తీర్మానమైంది. కింది మడిగె అలా దక్కింది. కిరాయి ఎంతన్నది ఇంకా ఎవరూ అనలేదు.

"ఇంకొకటి," అన్నాడు కాక. "డీఎస్సీ మళ్ల పడితే మీ స్నేహితురాలు పోతది. పోకుంటే నేనే పొమ్మంట. అప్పుడు ఒక్కదానివే ఏం చేస్తవ్? పిల్లలు ఆమెకు అలవాటు పడి ఉంటరు. టీచరు మారితే మామూలు పిల్లలే ఏడుస్తరు."

"పోతది. హన్మకొండల నేను చేరినప్పటి నుంచి ఎంతమంది మారిన్రో! ఒక పిలగాడు కొత్త మేడమ్ దగ్గర కూసోనీకే నెల తీస్కుంటడు, ఆ నెల ఫీజు తండ్రి కడ్తడు. అందుకే ముందుగాల నుంచే ఒక తల్లిని పనికి పెట్టుకుంట. పెద్దయిన పిలగాడు ఉన్నామె. పదేండ్లు వానితోటి నేర్చుకున్నది, మాకంటే ఓపిక ఎక్కువ. కొత్తగ వచ్చిన తల్లి నా మాట ఇనదు, ఆమె మాట ఇంటది."

"జీతం?"

"ఎనిమిది వేలు అనుకుంటున్న."

"మిరప ఏరబోతే అంతకంటే ఎక్కువ వస్తది బిడ్డా."

"తెలుసు. సీజన్‌ల పొద్దటి పూట సెలవిస్త. మాకు గూడ అప్పుడు పిల్లలుండరు గద. సాయంత్రం ఐదు నుంచి తెరుస్త, తల్లులు చేన్ల నుంచి వచ్చినంక."

"చీకటి పడితే ఊళ్లకు బస్సులుండవు. నల్లబెల్లి దిక్కోళ్లు ఎట్ల పోతరు?"

"ఆ దిక్కోళ్లను ముందుగాల చూసి ఏడింటికల్ల పంపిస్త. నర్సంపేటోళ్లు ఎనిమిదింటికి."